చించకూడని ఉత్తరం

మొన్న శనివారం, ఇప్పుడు మేముండే గంగాలిన్‌లో మా గరాజ్ సర్దుతూ, అమ్మానాన్నలు సిడ్నీ నుంచి పంపిన అట్టపెట్టెల్లో ఒకదాని టేపు ఊడబీకానో లేదో, గుప్పుమని ఒక వాసన వచ్చి నన్ను అక్కడే సిమెంటు నేల మీద చతికిలబడేలా చేసింది. పాత కాగితం వాసన, కలరా ఉండల వాసన, ఎండిపోయిన జిగురు వాసన, వీటన్నిటి అడుగున, ఎవరు నమ్మినా నమ్మకపోయినా, వాము వేసిన జంతికల వాసన. నాన్న స్టాంపుల ఆల్బములు! ఇల్లు అమ్మేసి చిన్న ఫ్లాట్‌లోకి మారుతున్నప్పుడు వీటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, నా దగ్గరుంటే భద్రంగా ఉంటాయని పంపేశారు. మా అబ్బాయి నిఖిల్ పక్కన కూర్చుని పేజీలు తిప్పుతూ ఒక చోట ఆగాడు. "మామ్, దిస్ వన్ ఈజ్ ఎంప్టీ. డిడ్ ఇట్ ఫాల్ అవుట్?" అన్నాడు. పేజీ మధ్యలో పారదర్శకమైన ప్లాస్టిక్ తొడుగు, అందులో ఏమీ లేదు. కింద నాన్న గుండ్రటి దస్తూరీలో ఒకే ఒక్క వాక్యం. పడిపోలేదురా అన్నాను గానీ, మిగతాది వాడికి గరాజ్‌లో నిలబెట్టి చెప్పే కథ కాదు.

మేం సిడ్నీ శివార్లలో క్వేకర్స్ హిల్‌లో ఉండేవాళ్ళం. నేను హైస్కూల్లో చదివే రోజులవి. ఇంటర్నెట్ పెట్టగానే ఫోన్ లైన్ గీపెట్టి ఏడ్చేది, ఇండియాకి మాట్లాడాలంటే ఫోన్ కార్డు మీద నంబర్లు గీకి, కార్డులో నిమిషాలు అయిపోయేలోపు అందరి ఆరోగ్యాలూ గబగబా అడిగెయ్యాలి. నాన్న రైల్వే సిగ్నళ్ళ ఇంజనీరు. వారమంతా రైళ్ళు, శనివారం స్టాంపులు. ఉదయమే వంటింటి బల్ల మీద గోరువెచ్చటి నీళ్ళ పళ్ళెం పెట్టి, ఆఫీసులో అందరి దగ్గరా అడుక్కొచ్చిన కవర్ల మూలలు కత్తిరించి అందులో వేసేవాడు. కాసేపటికి స్టాంపు కాగితాన్ని వదిలేసి తనంతట తాను తేలేది. దాన్ని సన్న పటకారుతో పట్టి, వెనక జిగురు నా చిటికెన వేలితో తుడిపించి, వార్తాపత్రిక మీద వరుసగా ఆరబెట్టేవాళ్ళం. ఆ జిగురు వాసన నా బాల్యానికి గుర్తు. అమ్మ ఆస్పత్రి డ్యూటీకి తయారవుతూ ఇటు వచ్చి, నీళ్ళల్లో ఉన్నది తన ఇడ్లీ పిండి కలిపే పళ్ళెం అని గుర్తుపట్టి వేసే కేకలు ఆ వాసనలో భాగమే.

స్టాంపులతో మొదలైన పిచ్చి కవర్లకి పాకింది. నెలకో శనివారం మధ్యాహ్నం దగ్గర్లోని ఒక హాల్లో స్టాంపుల క్లబ్బు కలిసేది, నన్నూ తీసుకెళ్ళేవాడు. పెద్ద టీ డబ్బా బుసలు కొడుతూ ఉండేది, లామింగ్టన్ కేకుల మీద కొబ్బరి పొడి గాలికి ఎగిరేది, తల నెరిసిన పెద్దమనుషులు భూతద్దాల మీదికి వంగి ముద్రల అంచులు చూసుకుంటూ చంటిపిల్లల్ని చూసి మురిసినట్టు మురిసేవాళ్ళు. క్లబ్బు పెద్ద కాలిన్ అని ఒకాయన, రిటైరైన లెక్కల మాస్టారు. మా అమ్మ పంపిన జంతికలంటే ఆయనకి ప్రాణం. కానీ నూనె చేతితో కవర్లు ముట్టుకోకూడదు గదా, అందుకని జంతికల్ని కూడా స్టాంపుల పటకారుతోనే తినేవాడు. ఆ పటకారు జేబులో తిరిగి ఆల్బముల దాకా వచ్చేది కాబోలు, ఇన్నేళ్ళ తర్వాత కూడా వాము వాసన పోలేదు. ఆ మనుషుల్ని తల్చుకుంటే నాకిప్పటికీ ఎంతో ఇష్టం. ఒక ముద్రలో ఒక అక్షరం విరిగి ఉంటే, అది ఏ పోస్టాఫీసులో ఎప్పుడు విరిగిందో వెతుక్కుంటూ ఏళ్ళు గడిపే ఓపిక వాళ్ళది.

వాళ్ళకో నియమం ఉండేది, ఎవరూ గోడ మీద రాయకపోయినా అందరూ పాటించేది. పాత ఉత్తరానికి ముఖమే ముఖ్యం. ఏ ఊళ్ళో ముద్ర పడింది, ఎంత రుసుము కట్టారు, ఏ దారిన వచ్చింది, ఇవీ సంగతులు. లోపల ఏం రాసుకున్నారన్నది వాళ్ళ సొంత విషయం. ప్రదర్శనలో పెట్టేటప్పుడు కూడా ముఖం బయటికి, మాట లోపలికి మడిచే పెట్టేవాళ్ళు. పరాయి వాళ్ళ ఉత్తరం చదవకపోవడం మర్యాదే కదా అని నాన్నకీ అనిపించేది.

ఆ ఉత్తరం ఒక బూట్ల డబ్బాలో మా ఇంటికి వచ్చింది, ఎవరో పెద్దాయన పోయాక వేలం వేసిన కాగితాల్లో కలిసి. స్టాంపులు ఇంకా పుట్టని కాలం నాటిది. కవరనేది లేదు, ఒకే పెద్ద కాగితాన్ని దానిలోకి దాన్నే మడిచి, పైన చిరునామా రాసి, లక్కతో అంటించేశారు. లక్క సగం రాలిపోయినా మిగిలిన సగం పండుమిరపకాయ రంగులో మెరిసేది. పైనున్న ముద్ర, ఉత్తర దిక్కున ఎక్కడో నది ఒడ్డున, గొర్రెల మందలు అప్పుడప్పుడే వెళ్ళి దిగుతున్న కొత్త నేల మీద, ఒక గుడిసెలో కొద్దికాలం నడిచి మూతపడిన పోస్టాఫీసుది. ఆ ముద్రని నాన్న పుస్తకాల్లో బొమ్మగా చూశాడే తప్ప కళ్ళతో చూడలేదు. కాలిన్ భూతద్దం పెట్టి చూసి, అద్దం తీసి, మళ్ళీ పెట్టి చూసి, "యూ లక్కీ డెవిల్, రావ్" అన్నాడు. ఆ ఏడు అక్టోబరులో, అంటే ఇక్కడి వసంతంలో, రాష్ట్రస్థాయి స్టాంపుల ప్రదర్శన ఉంది, నాన్న మొదటిసారి పోటీకి పేరిచ్చాడు, ఆ పేజీలన్నిటికీ ఆ ఉత్తరమే నడుమ మణి. పతకం ఖాయమని క్లబ్బంతా అనుకుంది. నాన్న ఆ రోజు కారు నడుపుతూ ఈలవేశాడు, ఆయనకి ఈల వచ్చని మాకు అప్పటిదాకా తెలీదు.

ఆ ఏడే ఉగాదికి ముందు నాన్నమ్మ బాపట్ల నుంచి వచ్చింది. వచ్చిన మర్నాడే పెరటి కంచె దాటి వీధి చివర చెట్టు చూసి వేప అనుకుని సంబరపడి, దగ్గరికెళ్ళి ఆకు నలిపి వాసన చూసి, తురకవేప అని తేల్చి మూతి ముడుచుకుంది. ఇక్కడ ఉగాది ఆకురాలే కాలంలో వస్తుంది, వేపపువ్వు సంగతి దేవుడెరుగు, మామిడికాయ కోసం నాన్న పెండిల్ హిల్ కొట్లన్నీ తిరిగి వడలిపోయిన రెండు కాయలు తెచ్చాడు. నాన్నమ్మ వాటితోనే పచ్చడి చేసి, పొద్దున్నే కాలిన్ ఇంటికి కూడా గిన్నెలో పంపింది. ఆయన మర్యాద కొద్దీ మొత్తం తిని, రెండు రోజులు దాని గురించి ఆలోచించానని చెప్పాడు. నాన్నమ్మకి మధ్యాహ్నం నిద్ర లేదు, టీవీ అర్థం కాదు, కాబట్టి ఆమె కాలక్షేపమంతా ఉత్తరాలే. మా బాబాయి దగ్గర్నుంచి నీలం ఏరోగ్రాం, అదే విమానంలో వచ్చే ఇన్లాండ్ కవరు, వచ్చిందంటే ముందు మూలలు చూసేది, పసుపు ఉందా లేదా అని. పసుపుంటే శుభం, ఊపిరి పీల్చుకునేది. తర్వాత అంటించే మడత విప్పి అక్కడున్న రెండు ముక్కలు చదివేది, ఎందుకంటే అసలు కబురు ఎవరైనా చోటు చాలక మడతలోనే ఇరికిస్తారు. ఆ తర్వాతే మొదటి లైను. ఎవరో పోయారని వచ్చిన ఉత్తరమైతే గుమ్మం దాటనిచ్చేది కాదు. వాకిట్లోనే నిలబడి చదివి, అక్కడికక్కడే చించి, స్నానం చేసి గానీ లోపలికొచ్చేది కాదు. చావు కబురు ఇంట్లో నిలవ ఉండకూడదు, అది ఆమె పుట్టినప్పటి నుంచీ చూసిన పద్ధతి.

జూలై సెలవుల్లో, వెనక వరండాలో చలికాలపు ఎండ వెచ్చగా కాస్తుంటే, నేనూ నాన్నమ్మా కమలాపళ్ళు ఒలుచుకు తింటున్నాం. నాన్న ఆ ఉత్తరాన్ని తెల్లటి నూలు తొడుగులు వేసుకున్న చేతులతో తెచ్చి ఆమె ముందు పెట్టాడు, కన్నతల్లికి కూడా చూపించుకుని మురవాలని. నాన్నమ్మ చేతులు కొంగుకి తుడుచుకుని వంగి చూసింది.

"ఇన్లాండ్ కవరేగా ఇది! దానిలో దాన్నే మడిచారు. మూలల్లో పసుపు లేదేందిరా?"

"వాళ్ళకి పసుపు ఉండదమ్మా."

"సరే. ఇంతకీ ఏం కబురు రాశాడంట?"

నాన్న తొడుగు వేలితో ముద్ర చూపించాడు. ముద్ర గురించి, రుసుము గురించి, లక్క గురించి గంటసేపు చెప్పగలడు. ఏం రాశాడో మాత్రం ఎవరూ చదవలేదు. నాన్నమ్మ ముఖం చూడాలి అప్పుడు. ఇంత చదువు చదివి, ఉత్తరం ఇంటికి తెచ్చుకుని, కబురేమిటో తెలుసుకోకుండా అద్దాలు పెట్టి సింగారించుకుంటున్నారా అన్నట్టు మా ఇద్దరినీ ఎగాదిగా చూసింది. ఉత్తరం చదివే పని నాకు పడింది.

చదవడం అనుకున్నంత తేలిక కాలేదు. కాగితమూ తపాలా రెండూ ఖరీదైన రోజులు కాబట్టి, ఆ కాలం వాళ్ళు పేజీ నిండా రాశాక కాగితాన్ని పక్కకి తిప్పి, రాసిన లైన్ల మీదుగానే అడ్డంగా మళ్ళీ రాసేవాళ్ళు. చూడ్డానికి జల్లెడ అల్లినట్టుంటుంది. కాసేపటికి ఒక కిటుకు దొరికింది, కళ్ళు సగం మూసి ఒకే వాలు ఉన్న అక్షరాల వెంటే పోతే రెండో వాలు వెనక్కి తగ్గుతుంది. సెలవులన్నీ ఆ వరండాలోనే గడిచాయి. స్నేహితులు హ్యాండ్‌బాల్‌కి పిలిచినా వెళ్ళలేదు. కుర్రాడు రాసిన ఉత్తరం అది, గొర్రెల మేతకని వేల ఎకరాల్లో వెలిసే స్టేషన్‌లో పనివాళ్ళ మీద పెత్తనం చేసే కుర్రాడు, సిడ్నీలో ఉన్న అన్నకి రాస్తున్నాడు. ముందు రాసిన లైన్లలో వాన పడలేదని, బూట్లు చిరిగాయని, టీ పొడి పంపమని, అమ్మకి తన ముద్దులు అందించమని. చదువుతుంటే పాపం అనిపించింది, మా బాబాయి ఉత్తరాల్లాగే ఉంది.

వాటి మీదుగా రాసిన అడ్డం లైన్లు సెలవుల ఆఖరి వారంలో విడిపోయాయి. ఆదివాసులు పశువుల్ని ఈటెలతో పొడిచారని మొదలుపెట్టాడు. చుట్టుపక్కల స్టేషన్ల మగవాళ్ళంతా గుర్రాలెక్కి, నది వంపు దగ్గర మడుగు పక్కన వాళ్ళు గుడారాలు వేసుకున్న చోటికి తెల్లవారకముందే వెళ్ళారట. ఎంతమందో చెప్పనని రాశాడు. ఆడవాళ్ళూ ఉన్నారని, పిల్లలూ ఉన్నారని, ఆ మడుగు నీళ్ళు ఇప్పుడు ఎవరూ తాగడం లేదని, ఇక ఆ వైపు గొడవ ఉండదని రాశాడు. తనకి నిద్ర పట్టడం లేదని కూడా రాశాడు. చివర, మడత లోపలికి పోయే అంచులో, లక్క అంటిన చోట, ఒక చిన్న వాక్యం ఉంది. నాన్నమ్మ చెప్పినట్టు అసలు కబురు మడతలోనే ఉంది. చదివాక కాల్చెయ్యమని.

ఇదంతా నేను నాన్నమ్మకి తెలుగులో చెప్పాలి. ఇంగ్లీషులో చదివినప్పుడు చరిత్ర పాఠంలా అనిపించిన మాటలు, 'పిల్లలు', 'మడుగు' అని తెలుగులో నా నోటితో పలికేసరికి మన ఊరి మాటలైపోయాయి. నాన్న వరండా మెట్టు మీద కూర్చుండిపోయాడు. నాన్నమ్మ కమలాపండు తొనలు పక్కన పెట్టి లేచి నిలబడింది.

"చించెయ్యరా అబ్బాయ్. చావు ఉత్తరాన్ని ఇన్నాళ్ళు ఇంట్లో పెట్టుకున్నాం. చించేసి స్నానం చెయ్యి పో."

నాన్న ఉత్తరానికి అడ్డంగా చెయ్యి పెట్టాడు. పతకం మాట అటుంచి, ప్రపంచంలో ఎన్నో మిగలని ఒక కాగితాన్ని చింపడమంటే ఆయనలాంటి మనిషికి ఒళ్ళు కోసుకోవడమే. అమ్మ మాటకి ఎదురు చెప్పీ ఎరగడు. ఆయన్ని అలా చూడలేక, నేను ఆఖరి వాక్యం కూడా చెప్పేశాను, రాసినవాడు కూడా కాల్చెయ్యమన్నాడు నాన్నమ్మా అని. ఆమె స్నానానికి వెళ్ళబోతూ తలుపు దగ్గర ఆగిపోయింది.

"కాల్చమన్నాడా? ఆ పోయినోళ్ళ తాలూకు వాళ్ళకి కబురు చేరిందంటనా?"

"తెలీదు నాన్నమ్మా. చేరి ఉండదు."

"అట్టయితే చించడానికి లేదే. కబురు చేరినాక చించుతారు గానీ, చేరకముందే చించుతారా? చంపినోడూ కాల్చమని, నేనూ చించమని... వాడికీ నాకూ తేడా ఏముంది?"

స్నానం మాత్రం చేసొచ్చింది. తల తుడుచుకుంటూ నాన్న వైపు చూసి, ఎవరి ఉత్తరమో వాళ్ళకి ఇచ్చిరా అంది, పక్కింటి వాళ్ళ ఉత్తరం పొరపాటున మన డబ్బాలో పడితే ఇచ్చిరమ్మన్నంత మామూలుగా. ఆరో తరగతి దాటని మా నాన్నమ్మని చూసి నేను అంతకు ముందూ తర్వాతా ఎన్నోసార్లు ముచ్చటపడ్డాను గానీ, అలా ఎన్నడూ గర్వపడలేదు.

నాన్న మాత్రం ఒక్కసారిగా మారిపోలేదు. కొన్ని వారాలు ఉత్తరం పెట్టిన ప్లాస్టిక్ తొడుగుని తీసి చూసుకుంటూ, మళ్ళీ పెట్టేస్తూ తిరిగాడు. కాలిన్‌తో చెబితే ఆయన ఉత్తరమంతా మొదటిసారి చదివి, చాలాసేపు కళ్ళజోడు తుడుచుకుని, జిరాక్సు తీసి వాళ్ళకి పంపు, అసలుది ప్రదర్శన అయ్యేదాకానైనా ఉంచుకో, లేకపోతే నీ పేజీలకి వెన్నెముక ఉండదు అన్నాడు. చెడ్డ సలహా ఏం కాదు. నాన్న జిరాక్సు తీయించాడు కూడా. దాన్నీ అసలుదాన్నీ భోజనాల బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని ఒక ఆదివారమంతా కూర్చున్నాడు. సాయంత్రం జిరాక్సు తీసి తన ఫైల్లో పెట్టుకున్నాడు. "చావు కబురు పంపిస్తూ అసలు కాగితం మనం దాచుకుంటామా అమ్మలూ, బావుండదు" అన్నాడు నాతో. మా స్కూల్లో ఆదివాసీ పిల్లల బాగోగులు చూసే ఒక ఆమె ఉండేది. నేను ఆమెని అడిగితే, ఆమె వాళ్ళనీ వీళ్ళనీ అడిగి, చివరికి ఆ నది ఒడ్డునున్న ఊరి నుంచి వాల్ ఆంటీ అనే పెద్దావిడ మా ఇంటికి ఫోన్ చేసింది. వాళ్ళలో పెద్దవాళ్ళని ఆంటీ అనే పిలుస్తారని అప్పుడే తెలిసింది. అది విని నాన్నమ్మకి సగం బెరుకు తీరింది.

సెప్టెంబరు చివర, వసంతం సెలవుల్లో బయల్దేరాం. అమ్మకి డ్యూటీ, మేం ముగ్గురమే. పులిహోర డబ్బా నాన్నమ్మ ఒళ్ళో, ఉత్తరం వెనక సీట్లో నా ఒళ్ళో. నీలికొండలు దాటి, డబ్బో ఊరు దాటి, కనోలా చేలు కనుచూపు మేరా పసుపచ్చగా పరుచుకున్న చోట నాన్నమ్మ కారు ఆపించి దిగి ఆవచేలనుకుని పువ్వు తుంచి చూసింది. ఆ తర్వాత చేలు పోయి ఎర్రమట్టి వచ్చింది, ముఖం మీద ఈగలు వచ్చాయి, గులాబీ రంగు పొట్టల గాలా చిలుకలు గుంపులు గుంపులుగా వైర్ల మీద కూర్చుని మమ్మల్ని తిట్టిపోశాయి. పెట్రోలు బంకులో నాన్న మాంసం కూరిన 'మీట్ పై' ఒకటి చాటుగా తినేసి, మూతి తుడుచుకోవడం మరిచిపోయి దొరికిపోయాడు. అయినా దారంతా మాటలు తక్కువే. మోటెల్ గదిలో దిగినప్పుడు కూడా ఉత్తరాన్ని గది లోపల పెట్టనివ్వలేదు నాన్నమ్మ, అది కారులోనే నిద్రపోయింది.

వాల్ ఆంటీ నది ఒడ్డున పెద్ద యూకలిప్టస్ చెట్ల కింద మడత కుర్చీలు వేయించి కూర్చుని ఉంది, ఇద్దరు చెల్లెళ్ళూ కొందరు మనవలూ చుట్టూ ఉన్నారు. ఫ్లాస్కులో టీ, పళ్ళు వేసి చేసిన కేకు. నాన్న అలవాటు కొద్దీ తెల్ల నూలు తొడుగులు ఆమెకి అందించాడు. ఆమె నవ్వి వాటిని ఒళ్ళో పెట్టుకుని, ఉత్తరాన్ని వట్టి చేతులతో తీసుకుంది. మా ఇంట్లో దాన్ని ఎవరం వట్టి వేలితో తాకినా కయ్యిమనే నాన్న, చేతులు వెనక్కి కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. నేను సాఫుగా రాసుకొచ్చిన ప్రతిని చదివింది, పెద్దగా, అందరికీ వినపడేలా. నదిలో నీళ్ళు తక్కువ, చప్పుడు కూడా లేదు. చదవడం అయ్యాక ఒక చెల్లెలు లేచి నీటి దగ్గరికి వెళ్ళి అటు తిరిగి నిలుచుంది.

ఇది మాకు తెలియంది కాదమ్మా, అంది వాల్ ఆంటీ చివరికి. మా పెద్దవాళ్ళు ఆ వంపు గురించి మాకు చెప్పారు, వాళ్ళ పెద్దవాళ్ళు వాళ్ళకి చెప్పారు. ఊళ్ళో మాత్రం కట్టుకథలనేవాళ్ళు. వాళ్ళ చేత్తో రాసింది చూడటం ఇదే మొదలు.

నాన్నమ్మ అప్పటిదాకా చేతులు కట్టుకుని కూర్చుంది. మా పద్ధతి ఆమెకి చెప్పవే అని నన్ను పొడిచింది. చెప్పాను, మా వైపు చావు ఉత్తరాన్ని చేరాల్సిన వాళ్ళకి చేరాక చదివి చించేస్తారని, ఇప్పుడు చేరింది కాబట్టి చించడమో ఉంచడమో మీ ఇష్టమని. వాల్ ఆంటీ నాన్నమ్మ చేతి మీద చెయ్యి వేసి, ఇక్కడ నాన్నమ్మల్ని పిలిచినట్టే నాన్ అని పిలిచి, పోయినవాళ్ళ విషయంలో మేమూ జాగ్రత్తగానే ఉంటాం, కొంతకాలం వాళ్ళ పేరు కూడా పలకం, కానీ దీన్ని చదవాల్సిన పిల్లలు ఇంకా పుడుతూనే ఉన్నారు అంది. నేను తెలుగులో చెప్పగానే నాన్నమ్మ తల ఊపింది.

"చదవాల్సినోళ్ళు మిగిలే ఉన్నారన్నమాట. అయితే ఉంచుకో తల్లీ."

ఆ తర్వాత పులిహోర డబ్బా మూత తీసింది. అందరం ఆకుపచ్చ ప్లాస్టిక్ ప్లేట్లలో పులిహోరా కేకూ కలిపి తిన్నాం. చిన్న మనవడొకడు ఎండుమిరపకాయ కొరికి కేక పెడితే, ఆ పొద్దున మొదటిసారి అందరూ నవ్వారు.

ప్రదర్శనలో నాన్న పేజీలన్నీ ఉన్నాయి, నడిమి పేజీలో మాత్రం ఖాళీ తొడుగు. వాల్ ఆంటీ ఒప్పుకున్నాక ఉత్తరంలోని మాటలు పక్కన టైపు చేసి పెట్టాడు, తొడుగు కింద చేత్తో ఒక వాక్యం రాశాడు. వస్తువు లేదు కాబట్టి దానికి మార్కులు వేయలేమని న్యాయనిర్ణేతలు రాశారు, వాళ్ళ లెక్క ప్రకారం అది సరైనదే. పతకం రాలేదు, పాల్గొన్నందుకు ఒక కాగితం వచ్చింది. నాన్న బాధపడలేదని చెప్పను, ఇంటికొచ్చేటప్పుడు ఈల లేదు. కానీ ఆ హాల్లో లక్క ముద్రల ముందూ రాణి తల అచ్చేసిన స్టాంపుల ముందూ భూతద్దాలతో వంగే జనం, ఆ ఖాళీ తొడుగు ముందుకి వచ్చేసరికి నిటారుగా నిలబడి చదవడం నేను చూశాను. కాలిన్ అక్కడ అందరికంటే ఎక్కువసేపు నిలబడ్డాడు. మరుసటి నెల క్లబ్బుకి వచ్చి, తన దగ్గరున్న పాత ఉత్తరాలన్నీ బల్ల మీద పరిచి, ముద్రలు కిందికి, రాత పైకి పెట్టి, ఒక్కొక్కటే చదవడం మొదలుపెట్టాడు. ఆ వయసులో అలవాటు మార్చుకోవడం ఎంత కష్టమో ఇప్పుడు నాకు తెలుస్తోంది.

దీపావళికి ముందే నాన్నమ్మ తిరిగి బాపట్ల వెళ్ళిపోయింది. వాల్ ఆంటీకీ నాన్నకీ మధ్య క్రిస్మస్ కార్డులూ ఉగాది కార్డులూ నడుస్తూనే వచ్చాయి, ఉగాది కార్డు మూలల్లో నాన్న పసుపు రాసేవాడు. మిగతావి మాత్రం ఒక్కొక్కటే పోయాయి. కాలిన్ పోయాడు, క్లబ్బు మూతపడింది, ఆ హాల్లో ఇప్పుడు జిమ్ ఉంది. మా క్వేకర్స్ హిల్ వీధి మలుపులో ఎర్ర పోస్టు డబ్బా తీసేశారు, సిమెంటులో దాని కాళ్ళు పెట్టిన గుంటలు మాత్రం ఉన్నాయి. నీలం ఏరోగ్రాం చూసి ఎన్నేళ్ళయిందో. నిఖిల్‌కి ఉత్తరమంటే కరెంటు బిల్లు.

పోయిన చలికాలంలో, తొంభై దాటిన నాన్నమ్మ బాపట్లలో బాబాయి ఇంట్లో నిద్రలోనే పోయింది. కబురు వాట్సాప్‌లో వచ్చింది, ఫ్యామిలీ గ్రూపులో, ఎవరిదో పుట్టినరోజు కేకు ఫొటో కింద. నాన్న స్నానం చేశాడు గానీ ఆ రోజంతా ఫోన్ పట్టుకుని గదిలో అటూ ఇటూ తిరిగాడు. చించడానికి ఏమీ లేదమ్మలూ అన్నాడు నాకు ఫోన్ చేసి. ఆ ఒక్క మాటకి నేను ఆఫీసులో బాత్రూంలోకి పోయి ఏడ్చాను. తర్వాత ఆయన కూర్చుని, తెల్లకాగితం మీద చేత్తో, మా అమ్మ పోయిందని వాల్ ఆంటీకి ఉత్తరం రాసి, స్టాంపు అంటించి, పోస్టు డబ్బా ఉన్న చోటు వెతుక్కుంటూ మూడు వీధులు నడిచి వేసొచ్చాడు.

తర్వాతి వారం ఆమె ఫోన్ చేసింది. గొంతు బాగా ముసలిదైపోయింది అన్నాడు నాన్న. మీ ఉత్తరం వాకిట్లోనే నిలబడి చదివాను రావ్, అందట. నాన్‌ని చూసినవాళ్ళందరినీ పిలిచి చదివి వినిపించాను, ఆ మిరపకాయ కొరికిన వాడికి కూడా, వాడికిప్పుడు ఇద్దరు పిల్లలు. ఇక చదవాల్సినవాళ్ళెవరూ మిగల్లేదు కాబట్టి, మీ అమ్మ చెప్పినట్టే చించేశాను.

గరాజ్‌లో నిఖిల్ ఆ పేజీ మీద వేలు పెట్టి, తాత రాసిన ఇంగ్లీషు వాక్యాన్ని, చేతిరాత చదివే అలవాటు లేక, కూడబలుక్కుంటూ చదివాడు. చేరవలసిన వాళ్ళకి చేరింది. "సో ఇట్ డిడ్న్ట్ ఫాల్ అవుట్" అన్నాడు. లేదురా అన్నాను. వాడు తొడుగు మీద దుమ్ము చొక్కా అంచుతో తుడిచి, పేజీ తిప్పకుండా అలాగే కూర్చున్నాడు.